మరలుటయు యాత్రయే

మన క్షేత్రయాత్రలలో పెక్కింట కష్టము ముందు, దర్శనము తరువాత. తిరుమలకు మెట్లదారిని పోవు భక్తుడు అలిపిరి కడ కర్పూరము వెలిగించినది మొదలు మెట్టు మెట్టునకు ఆయాసపడుచునే యుండును; కాళ్లలో సత్తువ చాలనివాడు గాలిగోపురము చేరకమునుపే ఆ సంగతి గ్రహించి వెనుదిరుగును. అమెరికాలో అరిజోనా రాష్ట్రమందలి గ్రాండ్ కాన్యన్ జాతీయోద్యానమునకు పిల్లలతోను పెద్దలతోను కాలినడక యాత్ర తలపెట్టిన గృహస్థునకు ఈ క్రమము తలక్రిందులగును. అచట వాహనము దిగినచోటే లోయకు పై అంచు. నడక యంతయు దిగుటతో ఆరంభమై ఎక్కుటతో ముగియును. శ్రీశైలమున పాతాళగంగకు మెట్లు దిగి, కృష్ణలో మునిగి, తడిబట్టలతో నిలిచి పైకి చూచినవారికి ఈ అనుభవము కొంత యెరుకయే.

277 మైళ్ల పొడవున, సుమారు ఒక మైలు లోతున కొలరాడో నది కోసిన ఆ మహాగర్తమునందు కాలమే శిలారూపమున పొరలు పొరలుగా నిలిచియున్నది. అంచున నున్న కైబాబ్ సున్నపురాయి వయస్సు 27 కోట్ల సంవత్సరములు. అడుగున నది యొరయు నల్లని శిలలలో 170 కోట్ల సంవత్సరములకు మించినవి కలవు. ఆ అడుగు శిలలకు శాస్త్రజ్ఞులు విష్ణునామమునే వాడుచున్నారు. 1882లో గ్రంథము వెలువరించిన క్లారెన్స్ డటన్ అను భూగర్భ శాస్త్రవేత్త ఆ లోయలోని శిఖరములలో ప్రాచ్యదేవాలయముల పోలికను గాంచి, ఒకదానిని విష్ణ్వాలయమనియు మరియొకదానిని శివాలయమనియు పిలిచెను. ఆ పేళ్లు విని మనము పొంగిపోనక్కరలేదు. తమ పూర్వులు ఈ లోకములోనికి వెలువడిన ద్వారము ఆ లోయయందే కలదని ఆ ప్రాంతపు ఆదివాసులైన హోపీ జాతివారు ఏనాటినుండియో నమ్ముచున్నారు. ఆ స్థలమునకు పవిత్రత మన పేళ్లతో వచ్చినది కాదు.

ఇక దారి సంగతి. బ్రైట్ ఏంజెల్ అను ప్రసిద్ధమైన బాట మెలికలు తిరుగుచు దిగును. ప్రాతఃకాలమున గాలి చల్లగా నుండును. శరీరభారమే మనలను ముందునకు నడుపును. బాలుడు చేయి విడిపించుకొని తరువాతి మలుపునకు పరుగెత్తును. అచ్చట నిలిచి, ఇంకొక్క మలుపు చూచి వత్తమని పిలుచును. ఆ పిలుపులో నేరమేమియు లేదు. కాని దిగినకొలది ఎండ ముదురును. వేసవిలో లోయ అడుగున ఉష్ణము 40 డిగ్రీలు దాటును. దిగుటకు పట్టిన కాలమునకు రెట్టింపు కాలము ఎక్కుటకు పట్టునని అక్కడి రక్షకులు చెప్పుదురు. నదివరకు పోయి ఒక్కదినములోనే తిరిగిరా యత్నింపవలదని దారిలో హెచ్చరిక ఫలకములు కూడ నిలిపియున్నారు.

కఠోపనిషత్తున యముడు నచికేతునకు వివరించిన ప్రేయశ్శ్రేయస్సుల భేదము, అనగా ప్రియమైనదానికిని మేలైనదానికిని గల భేదము, ఈ బాటపై కంటికి కానవచ్చుచున్నది. ప్రేయస్సు ముందుగా వచ్చి చేయి పట్టుకొనును. దాని వెల పిదప, ఎండలో, ఎక్కుడు దారిలో చెల్లింపవలసియుండును. సుఖములో మునిగిన మనస్సు ఆ సుఖమునకు ఎల్లను తానే నిర్ణయింపజాలదు. కావున ఎక్కడ మరలవలెనో, ఏ గంటకు మరలవలెనో అంచుమీదనే, కాళ్లు తేలికగా నున్నప్పుడే, ఇంటిల్లిపాదియు వినునట్లు నిశ్చయించుకొనవలెను. మన పూజలలో సంకల్పము చేయునప్పుడు దేశకాలములను చెప్పుకొనుట ఆచారము. ఆవాహన చేసిన దేవతకు తుదిని ఉద్వాసన చెప్పుటయు ఆ విధిలోనిదే. ఉద్వాసన యెరుగని ఆవాహన అసమగ్రమైనట్లే, మరలు చోటు తెలియని ప్రయాణసంకల్పమును అసమగ్రమే.

తానొకటి తలచిన దైవమొకటి తలచును గదా, ఇంత లెక్క యెందులకని కొంద రందురు. దైవము తలచునవి వేరుగా నున్నవి. ఆ బాటపై మైలున్నర దూరమున ఒకటి, మూడు మైళ్ల కడ మరియొకటి విశ్రాంతి స్థానములు కలవు. వేసవిలో అచట కొళాయి నీరు దొరకును. కాని గొట్టము పగిలిననాడు అవియు నెండిపోవును. గొట్టము పగులుట మన చేతిలోనిది కాదు. నీటిసంచి నింపుకొనుట, అందు మూడవవంతు మాత్రమే దిగునప్పుడు త్రాగి తక్కినది ఎక్కుటకు మిగుల్చుట, వట్టి నీరే త్రాగక ఉప్పు తగిలిన తినుబండారము వెంటనుంచుకొనుట, ఉదయము 10 మొదలు సాయంకాలము 4 వరకు గల తీవ్రాతపమున ఎక్కకుండుట మన చేతిలోనివి. చేయదగినది చేయక దైవముపై భారము వేయుట భక్తి కాదు, బద్ధకము. కుటుంబయాత్రలో ఈ లెక్కకు ప్రమాణము బలవంతుని ఉత్సాహము కాక, అందరిలో బలహీనమైన మోకాలు కావలెను. ముసలితల్లి నడకకు తన నడకను తగ్గించుకొన్న కొడుకు అంతదూరము తక్కువ నడిచియుండవచ్చును. ధర్మమున మాత్రము వెనుకబడలేదు.

నది కనబడకుండ తిరిగివచ్చుట భయమునకు వైరాగ్యమను ముసుగు వేయుట కాదా యని అడుగవచ్చును. చేతకానమ్మకు మంగళవార మడ్డమన్న సామెత మనకు లేకపోలేదు. కాళ్లు పడిపోయినవాడు మరలుట నివృత్తి కానేరదు. వానికి వేరు గతి లేదు. ఇంకను పోగల శక్తియు, పోవలెనను కోరికయు నిండుగా నున్నప్పుడు, ముందు చెప్పుకొన్న గంటకు వెనుదిరుగుటయే నివృత్తి. అట్లని నదిని చూడగోరుట దోషమును కాదు. దానికి వేరు నియమములు కలవు: చల్లని మాసము నెంచుకొని, నెలల ముందుగా అనుమతి కోరి, అడుగున ఒక రాత్రి గడపి రావలెను, పిల్లల కాళ్లు అంతవరకు ఎదుగవలెను. వేదాంతము మొదట అడుగునది అధికారి, అనగా అర్హుడు, ఎవ్వడని. కోరిక కలుగుటతోనే అధికారము కలుగదు. మూడు మైళ్ల కడ కోరికను చంపుకొనుమని ఎవ్వరును చెప్పలేదు. అధికారము వచ్చువరకు దానిని నిలుపుకొనుమని మాత్రమే ఆ లోయ అడుగుచున్నది, ఆ కోరికయు లేనివాడు మరల రానవసరము లేదు.