పైమడి రైతుకు ఒక ప్రశ్న



కాలువలో పారే నీరు ఎవరిది? చూడటానికి ఇది చిన్న ప్రశ్న. కాని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో అన్నదమ్ముల మధ్య మాటలు తెగిపోవటానికీ, పంచాయితీలు పోలీసు ఠాణాదాకా పోవటానికీ ఎన్నోసార్లు ఇదే కారణం. భూమికి హద్దులున్నాయి, సర్వే నంబరు ఉంది, పాసుపుస్తకం ఉంది. నీటికి ఇవేవీ లేవు. నిన్న ఒకరి మడిలో ఉన్నది నేడు మరొకరి మడిలో ఉంటుంది. అటువంటి దానిలో "నా వాటా" అని మనం అన్నప్పుడు నిజానికి దేనిని గురించి అంటున్నాం?

ముందు మన పెద్దలు ఈ పంపకాన్ని ఎలా నడిపారో చూద్దాం. చెరువు కట్టకు తూము. తూము నుండి పెద్ద కాలువ, దాని నుండి పిల్ల కాలువలు, చివరకు మడి నుండి మడికి పారకం. తూము తెరవటం రైతు పని కాదు, నీరటి పని. ఏ కాలువకు ఎప్పుడు, ఎంతసేపు అన్నది అతడే చూసుకునేవాడు. పంట చేతికి వచ్చాక కల్లం దగ్గర రైతులు అతనికి ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఎవరి మడి ఎండినా అతనికి రావలసిన గింజలు తగ్గుతాయి గనుక, అందరి మడీ తడవటం అతనికీ అవసరమే. చాలా గ్రామాలలో ఈ పని దళిత కుటుంబాలది. ఊరి బావిలో చేద వేయనివ్వని మనిషి చేతికే ఊరి పంటకు నీళ్లు పంచే పని అప్పగించిన సమాజం మనది! ఈ మాట దాచిపెట్టి పాత పద్ధతిని పొగడటం సరికాదు.

చెరువు నిండని ఏడు తైబందీ ఉండేది. ఉన్న నీళ్లు ఎన్ని ఎకరాలకు సరిపోతాయో నాట్లకు ముందే లెక్కగట్టి, ఆ మేరకే సాగు చేయాలని నిర్ణయించేవారు. మిగిలినది బీడు, లేదా ఆరుతడి పంట. అంటే మన పెద్దలు నీళ్లను మాత్రమే పంచుకోలేదు, కొరతను కూడా పంచుకున్నారు. నిండిన చెరువును ఎవరైనా పంచగలరు. సగం చెరువును పంచటంలోనే న్యాయం బయటపడుతుంది.

పెద్ద కాలువలు వచ్చాక కూడా సూత్రం మారలేదు. 1963లో పోచంపాడు వద్ద ప్రధాని నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు నేటి శ్రీరాంసాగర్. దాని కాకతీయ కాలువ పొడవు 284 కిలోమీటర్లు. అది మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల మీదుగా దిగువ మానేరుకూ, అక్కడినుండి ఇంకా ముందుకూ పోతుంది. సిరిసిల్ల వైపు నర్మాల వద్ద నిజాం కాలంలో చేపట్టిన ఎగువ మానేరు ఉంది. నీళ్లు చాలనప్పుడు కాలువల కింద వారబందీ పెడతారు: కొన్ని రోజులు విడుదల, కొన్ని రోజులు నిలుపుదల. చెరువు కింద నీరటి చెప్పిన వంతే ఇక్కడ ఇంజనీరు పట్టికలో కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వంతు అంటే ఏమిటి? అది ఒక వస్తువు కాదు. దాన్ని పెట్టెలో దాచుకోలేము. పైన ఉన్న పది మంది తమ మడి తడిసిన వెంటనే మడవ కట్టి నీటిని కిందికి వదిలితేనే పదకొండవ వానికి వంతు ఉన్నట్లు. వాళ్లు వదలకపోతే అతని వంతు కాగితం మీది మాట. కాబట్టి నీటి వాటా అనేది ఆస్తికంటే ఎక్కువగా ఒక మాట నిలుపుకోవటం. అదీ ఒకే దిక్కుగా నడిచే మాట. కింది రైతు పై రైతుకు నీళ్లు ఆపలేడు, పై రైతు కింది రైతుకు ఆపగలడు.

మరి ఇన్ని తరాలు పై రైతు ఎందుకు వదిలాడు? అతడు మనకంటే మంచివాడు కావటం వల్లనేనా? దీనికి ఒక జవాబు ఎలినార్ ఆస్ట్రోమ్ పరిశోధనలో దొరుకుతుంది. ఆమె 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన తొలి మహిళ. నేపాల్‌లో రైతులు తామే కట్టుకుని నడుపుకునే కాలువలను ఆమె బృందం పరిశీలించింది. పక్కా సిమెంటు ఆనకట్టలున్న చోట కంటే మట్టి, రాళ్ల కట్టలున్న చోట చివరి రైతుకు నీరు మెరుగ్గా అందటం చూశారు. కారణం ఏమిటంటే, మట్టి కట్టను ఏటా బాగు చేయాలి. దానికి కింది రైతుల చేతులు కావాలి. వాళ్లకు నీళ్లివ్వకపోతే వాళ్లు పనికి రారు. సిమెంటు వచ్చాక పై రైతుకు వాళ్లతో పని తీరిపోయింది.

మన ఊళ్లకేసి చూడండి. వానలకు ముందు ఇంటికొకరు పార పట్టుకుని కాలువ పూడిక తీసే ఆచారం చాలాచోట్ల పోయింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడికను యంత్రాలతో తీయించింది. అందులో మేలున్నది, ఆ ఒండ్రుమట్టి పొలాలకు చేరింది కూడా. 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది, 2018 జనవరి 1 నుండి తెలంగాణలో అది 24 గంటలూ అన్నారు. బోరు ఉన్నవానికి కాలువ మీద శ్రద్ధ తగ్గింది, తన బోరులో ఊరేది కూడా చెరువు నీరే అన్నది మరుపున పడింది. ఇక నీరట్ల విషయం. వారిలో పలువురు కాలక్రమాన గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. 2023లో ఆ వ్యవస్థ రద్దయి వేర్వేరు శాఖలకు వెళ్లిపోయారు. ఇవన్నీ రైతుకు సుఖాన్నిచ్చిన మార్పులే. కాని ఒక్కొక్క సుఖంతో పాటు పక్కవాని అవసరం ఒక్కొక్కటిగా తీరిపోయింది. అవసరం తీరిపోయాక న్యాయం మిగులుతుందా? మన ముందున్న ప్రశ్న ఇదే.

ప్లేటో తన "రిపబ్లిక్" గ్రంథంలో గైజీస్ అనే గొర్రెల కాపరి కథ చెప్పాడు. అతనికి ఒక ఉంగరం దొరికింది. దాన్ని తిప్పితే ఎవరికీ కనబడడు. ఆ బలంతో రాజును చంపి రాజ్యం కాజేశాడు. ఎవరూ చూడనప్పుడు కూడా న్యాయంగా ఉండేవాడు ఉన్నాడా అన్నది అక్కడి ప్రశ్న. అర్ధరాత్రి కాలువ గట్టు మీద పార పట్టుకుని ఒంటరిగా నిలబడిన పైమడి రైతు వేలికి ఆ ఉంగరమే ఉంది. గండి పెడితే చూసేవాడు లేడు.

"కాలువ మొదట్లో భూమి కాబట్టి ఎక్కువ ధర పెట్టి కొన్నాను, నీళ్లు నాకే ముందు" అని ఒకరు అనవచ్చు. ఈ మాటలో కొంత నిజముంది. అతడు కొన్నది ముందు రావటాన్ని. ఎక్కువ రావటాన్ని కాదు. ఆస్తిని కాపాడుకునే హక్కు మనిషికి ఉన్నా, దాని వాడకంలో ఇతరుల అక్కరకు పంచటానికి సిద్ధంగా ఉండాలని పునీత తోమాస్ అక్వినాస్ చెప్పాడు. ఎక్కడో ఒక చోట నిలబెట్టలేని నీటి విషయంలో ఈ మాట మరీ నిజం.

"ఇదంతా చట్టం చూసుకోవాలి" అని మరొకరు అనవచ్చు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి నీటి వినియోగదారుల సంఘాలను ఏర్పరచింది. ఒకే భూమికి యజమానీ కౌలుదారూ ఉంటే కౌలుదారునే భూమి గలవానిగా ఎంచాలని అందులో ఉంది. ఎంత మంచి మాట! కాని కౌలు కాగితం లేనివానికి అది అక్కరకు రాదు. మహారాష్ట్రలోని పురంధర్ తాలూకాలో 1972 కరువు తరువాత విలాస్‌రావ్ సాలుంఖే నడిపిన పానీ పంచాయతీ ఇంకో అడుగు ముందుకు వేసింది. నీటి వాటాను ఎకరాన్ని బట్టి కాక ఇంట్లోని మనుషుల లెక్కన, తలకు అర ఎకరం చొప్పున కట్టింది. భూమి లేనివారికీ వాటా ఉంది. నీళ్లు మింగే చెరకు వద్దన్నారు. దీన్నిబట్టి కొలత మనం నిర్ణయించుకునేదే, ఆకాశం నుండి ఊడిపడినది కాదని తెలుస్తుంది.

చట్టం సంఘాన్ని పుట్టించగలదు, అర్ధరాత్రి మడవ కట్టించలేదు. ఆ పని రైతే చేయాలి. కాబట్టి ప్రియ పాఠకులారా, మీ మడి కాలువ మొదట్లో ఉంటే ఈ యాసంగిలో ఒక పని చేయండి. ఒకనాడు కాలువ వెంబడి చివరి మడి దాకా నడవండి. అది ఎవరిదో, నాటు ఏ స్థితిలో ఉందో కళ్లారా చూడండి. సాగు చేసేది కౌలుదారైతే అతని పేరు అడిగి తెలుసుకోండి. రాత్రి వంతు వచ్చినప్పుడు మీ పార ఆ మడిని గుర్తుంచుకోవాలి. మీరు వదిలితేనే అతనికి వంతు. మీరు వదలటానికి ఇక ఏ బలవంతమూ లేదు గనుక, ఇప్పుడు మీరు చేసే న్యాయం పూర్తిగా మీదే.