శాలువా కింద మనిషి

మా దర్గా కొండ మీద నిలబడితే హార్బరులోకి వచ్చే ఓడలు కనిపిస్తాయి. 1933 నుంచీ ఈ రేవు సరుకు లెక్క రాస్తూనే ఉంది. మనుషుల లెక్క ఎవరు రాశారు?

2024 మేలో ఆ లెక్క కొంత బయటపడింది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, తలా లక్షన్నర దాకా గుంజి, విశాఖ కుర్రాళ్లని ఏజెంట్లు కంబోడియాకి తోలేశారు. అక్కడ చీకటి గదుల్లో పెట్టి, సంతకాలు చేయించుకుని, ఫోన్లలో మన దేశం వాళ్లనే మోసం చెయ్యమన్నారు. వినకపోతే దెబ్బలు. మే 20న సిహనౌక్‌విల్‌లో మూడొందల మంది దాకా భారతీయులు తిరగబడ్డారు. నెలాఖరుకి తొలి విడత పిల్లలు మన ఎయిర్‌పోర్టులో దిగారు. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని 1966లో ప్రాణాలిచ్చి ఫ్యాక్టరీ తెచ్చుకున్నాం. ఆ ఊరే తన పిల్లలకి ఇంత పని చూపించలేకపోయింది.

తిరిగొచ్చిన ఒక కుర్రాడికి సన్మానం చేస్తామన్నారు. వాళ్లమ్మ నాతో అంది: "శాలువా వద్దు భాయ్‌సాబ్. స్టేజీ ఎక్కితే రేపు గల్లీలో ఏమంటారు? ఫోన్లో దోచినోడు అనరా?"

నాకు జవాబు రాలేదు. బానిసనే దొంగని చెయ్యడం ఈ కొత్త గులామీ లక్షణం. డబ్బు పోగొట్టుకున్నవాడి ఏడుపూ నిజమే, కొట్టి పని చేయించుకోబడ్డవాడి ఏడుపూ నిజమే. కొరడా ఎవడి చేతిలో ఉందో చూడకుండా తీర్పు చెప్పలేం.

అవార్డులు వద్దనడం లేదు. హైదరాబాదులో 1996లో 'ప్రజ్వల' మొదలుపెట్టిన సునీతా కృష్ణన్‌కి 2016లో పద్మశ్రీ ఇచ్చారు. పిల్లల్ని పనినుంచి బడికి మళ్లించిన శాంతా సిన్హాకి 2003లో మెగసెసే వచ్చింది. నలుగురూ మాట్లాడని సంగతిని ఆ గుర్తింపు నలుగురి నోటా పెట్టింది. కానీ కంబోడియా విలేకరి మెక్ దారా సంగతి చూడండి. ఈ మోసాల కోటల గురించి రాసినందుకు 2023లో అమెరికా విదేశాంగ శాఖ ఆయన్ని హీరో అంది. 2024 సెప్టెంబరులో సొంత దేశం అరెస్టు చేసింది. బెయిలు మీద బయటికొచ్చాక పత్రికా వృత్తే మానేస్తున్నానన్నాడు. అవార్డు ఆయన పేరు పెంచింది, వీపు కాయలేకపోయింది.

మాకీ స్టేజీలు తెలుసు. మతసామరస్య సభకి టోపీ పెట్టుకు రమ్మంటారు. మైకు ఇస్తే ముస్లిం గానే మాట్లాడాలి. ఉక్కు గురించి, చేపల రేటు గురించి మా అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు. 'బాధితుడు' అన్న పేరు కూడా అలాంటి టోపీయే. ఒకసారి పెడితే తియ్యనివ్వరు.

మా ఇళ్లల్లో పిల్లలకి చెప్పే కథ హజ్రత్ బిలాల్‌ది. మండే ఇసుకలో పడుకోబెట్టి గుండెల మీద బండ పెట్టారు. అబూబకర్ కొని విడిపించారు. మక్కా చేతికొచ్చిన రోజున ఆ నల్ల బానిసనే కాబా మీదికి ఎక్కించారు. నీ కష్టాలు చెప్పమనలేదు. అజాన్ ఇమ్మన్నారు. ఆయన గాయానికి కాదు, గొంతుకి దక్కిన గౌరవం అది. సన్మానమంటే నాకు తెలిసింది అదే.

ఆ కుర్రాడు మళ్లీ పని వెతుక్కుంటున్నాడు. శాలువా పట్టుకున్న చేతులు ముందు ఏజెంటు దారి మూయాలి, ఊళ్లో పని చూపాలి. ఆ తర్వాత పిలవండి. రావడం, రాకపోవడం వాడిష్టం. 'వద్దు' అంటే దెబ్బలు తిన్నవాడికి, దెబ్బ పడకుండా 'వద్దు' అనగలగడమే మొదటి ఆజాదీ.