పసికందుకేం పాపం?

పురిట్లోనే కన్నుమూసిన బిడ్డకు పాపం అంటుతుందా? "పసివాడికేం తెలుసు!" అంటాం ఎవరమైనా. ఐరోపాలో కాథలిక్ తల్లులకు శతాబ్దాలపాటు ఆపాటి ఊరటైనా దక్కలేదు.

ఆదాము తప్పు మనుషులందరికీ పుట్టుకతోనే సంక్రమిస్తుందంటుంది కాథలిక్ మతం. అదే జన్మపాపం. దానికి ముఖ్యమైన ఆధారం పౌలు రోమీయులకు రాసిన లేఖ, అయిదో అధ్యాయం, పన్నెండో వచనం. అందరూ పాపం చేశారు గనుక అందరికీ చావు వచ్చిందని గ్రీకు మూలానికి అర్థమంటారు చాలామంది పండితులు. అగస్టీను చదివిన లాటిన్ అనువాదంలో మాత్రం ఆ ఆదాములోనే అందరూ పాపం చేశారన్న అర్థం వచ్చింది.

చిన్న మాటే! కానీ దాని బరువంతా తల్లుల గుండెలమీద పడింది. జ్ఞానస్నానం కాకుండా పోయిన బిడ్డకు స్వర్గం లేదన్నారు. తర్వాతివాళ్లు కాస్త మెత్తబడి, స్వర్గమూ బాధా రెండూ లేని "లింబో"ని ఊహించారు. ఐర్లండులో అలాంటి పసివాళ్లను చర్చి శ్మశానంలోకి రానివ్వక, పొలిమేరల్లో, పాడుబడ్డ చర్చిల పక్కన పాతిపెట్టేవారు.

అదే అధ్యాయం ఇరవయ్యో వచనంలో, పాపం ఎంత పెరిగినా దేవుడి కృప అంతకు మించి పెరుగుతుందని పౌలే అన్నాడు. పిల్లల్ని నా దగ్గరికి రానివ్వండని యేసు అన్నాడు. ఆ మాటనే గుర్తుచేస్తూ, 1992 నాటి కాథలిక్ ధర్మోపదేశ గ్రంథం ఈ బిడ్డల్ని దేవుడి దయకు అప్పగించింది. వాళ్లకు మోక్షం ఉందని ఆశించడానికి గట్టి కారణాలున్నాయని 2007లో వాటికన్ వేదాంత సంఘం చెప్పింది. ఆశ అందేగాని, నిశ్చయం అనలేదు.

ఈ వచనాలన్నీ ఆ గ్రంథంలో మొదటినుంచీ ఉన్నవే కదండీ! ఒడి ఖాళీ అయిన తల్లి ఎదుట ఏ పుట తెరవాలో తెలుసుకోడానికి మాత్రం ఇన్ని వందల ఏళ్లు పట్టింది.