ఓర్చుకొనుట అనగా ఊరకుండుటయేనా?

పెద్ద వ్యాధి వచ్చినవానిని చూచుటకు బంధువులు పండ్లు తీసికొని వత్తురు, మంచము ప్రక్కన కూర్చుండి క్షేమసమాచారములు అడుగుదురు. చిన్న గాయము గలవాని యొద్దకు అంతగా ఎవరును రారు. వచ్చినను, “ఇంతేనా? పది దినములలో మానిపోవునులే” అని చెప్పి వెళ్లిపోవుదురు. అయితే గాయము కొలతయు బాధ కొలతయు ఒక్కటి కావు. మణికట్టులో నలిగిన నరమునకు శస్త్రచికిత్స చేయించుకొనినవారు ఈ సంగతిని బాగుగా ఎరుగుదురు. వారి అరచేతిలోని కోత ఒకటి రెండు అంగుళములే. కాని ఆ చేతితో మరల నీళ్ల బిందె ఎత్తువరకు గడుపవలసిన దినములు అనేకములు. ఆ దినములలో మనుష్యుడు ఎట్లు నడుచుకొనవలెను? తన బాధను గూర్చి మాటలాడవచ్చునా, లేక నోరు మూసికొని సహించుటయే ఓర్పా? ఈ ప్రశ్నను మనము కొంత నిదానముగా ఆలోచింతము.

మొదట ఈ వ్యాధి ఎట్టిదో తెలిసికొనుట మంచిది. మణికట్టు ముందుభాగమున, అరచేయి మొదలగుచోట, ఒక ఇరుకైన త్రోవ కలదు. దాని అడుగునను ప్రక్కలను ఎముకలుండును. పైన గట్టి బంధనమొకటి కప్పువలె పరచియుండును. వైద్యులు దీనిని కార్పల్ టన్నెల్ అందురు. వ్రేళ్లను ముడుచు తొమ్మిది స్నాయువులును, వాటితో కూడ మీడియన్ అను నరమును ఈ త్రోవగుండనే పోవలెను. ఏ కారణముచేతనైనను లోపల ఒత్తిడి హెచ్చినప్పుడు ఎముక లొంగదు, బంధనము లొంగదు. మెత్తనిదైన నరమే నలుగును. అప్పుడు బొటనవ్రేలు, చూపుడువ్రేలు, మధ్యవ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము తిమ్మిరెక్కును. నడిరేయి మంటతో మెలకువ రాగా రోగి లేచి కూర్చుండి చేయి విదిలించుకొనును. మధుమేహము, థైరాయిడ్ లోపము, కీళ్లవాతము గలవారికిని, గర్భిణులకును ఇది ఎక్కువగా వచ్చును. గట్టిగా పట్టుకొని ఒకే పనిని మరల మరల చేయువారికిని ఇది వచ్చుట కలదు.

మణికట్టు వద్ద ఈ నరము నలుగుటను 1854లో ఇంగ్లండు దేశపు వైద్యుడు సర్ జేమ్స్ పేజెట్ వర్ణించెను. పై బంధనమును కోసి నరమును విడిపించిన చికిత్సను 1933లో సర్ జేమ్స్ లెర్మంత్ ప్రకటించెను. 1950 మొదలుకొని అమెరికాలోని క్లీవ్‌లాండులో జార్జి ఫేలెన్ అను వైద్యుడు ఈ వ్యాధిని వైద్యలోకమునకు విశదముగా తెలియజేసెను. నేడు చాలమందికి చేతికి మాత్రమే మత్తుమందు ఇచ్చి, కొద్ది నిమిషములలోనే ఆ పని ముగించి, అదే దినమున ఇంటికి పంపుచున్నారు. ఈ సులభత్వమే మనలను మోసపుచ్చును. వైద్యుని పని కొద్ది నిమిషములలో ముగిసినందున శరీరము పనియు అంత త్వరగా ముగియునని తలంచెదము. నిజమునకు శరీరము తన పనిని అప్పుడే ఆరంభించును.

ఆ పని ఎట్లు జరుగునో చూడుడి. రాత్రివేళ మేలుకొలుపు మంట అనేకులకు మొదటి దినములలోనే తగ్గును. కుట్లు 10 మొదలు 14 దినములలో తీయుదురు. కాని అరచేతి మొదట, కోతకు ఇరుప్రక్కల, నొక్కినప్పుడు కలుగు నొప్పి వారముల తరబడి ఉండును, కొందరికి మాసముల తరబడి ఉండును. పిడికిలి బలము మొదట తగ్గి, కొన్ని మాసములకు గాని తిరిగి రాదు. నరము కేవలము నలిగినదైతే కొన్ని వారములలో తేరుకొనును. లోపలి తంతువులు చెడిపోయినయెడల అవి మరల పెరుగవలెను. ఆ పెరుగుదల దినమునకు సుమారు ఒక్క మిల్లీమీటరు మాత్రమే. మణికట్టు నుండి వ్రేలి కొనకు 15 మొదలు 18 సెంటీమీటర్ల దూరమున్నది. లెక్కించినయెడల 5 లేక 6 మాసములగును. ఎవరు తొందరపెట్టినను ఆ తంతువు త్వరపడదు.

కాబట్టి ఇచ్చట ఓర్పు అనగా నేమి? వైద్యుడు రోగికి రెండు ఆజ్ఞలు ఇచ్చును. వ్రేళ్లను మొదటి దినము నుండియే కదల్చుమనును. బరువులు మాత్రము ఎత్తవద్దనును. తొందరపాటు గలవాడు రెండవ ఆజ్ఞను మీరును. నొప్పి తగ్గినదని మూడవ వారమున బియ్యపు మూట పట్టి వాపు తెచ్చుకొనును. భయము గలవాడు మొదటి ఆజ్ఞను మీరును. చేతిని గుడ్డలో చుట్టి కదలక కూర్చుండి వ్రేళ్లు బిగిసిపోనిచ్చును. ఇద్దరును నష్టపోవుదురు. ఓర్పు గలవాడు ఈ ఇద్దరి నడుమ నడుచును. నొప్పియున్నను వ్రేళ్లను ముడిచి చాపును. మనస్సు తొందరించినను మూటను దింపి ఉంచును. ఓర్పు పనిలేని స్థితి కాదు. అది దినమునకు పలుమారులు, ఎవరును చూడకుండ, ఎవరును మెచ్చకుండ చేయవలసిన పని.

ఇక బాధ మేలా కీడా అను ప్రశ్న వచ్చును. ఈ సందర్భమున డాక్టర్ పాల్ బ్రాండ్ జ్ఞాపకమునకు వచ్చును. 1914లో తమిళదేశపు కొల్లిమలలో మిషనరీ దంపతులకు జన్మించిన ఆయన, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠరోగుల చేతులను బాగుచేయుటకు అనేక సంవత్సరములు పాటుపడెను. ఆయన 2003లో మరణించెను. కుష్ఠరోగి వ్రేళ్లు రోగమువలన తమంతట తామే రాలిపోవునని జనులు తలంచెడివారు. నొప్పి తెలియనందున కాలిన గాయములు, కోతలు, పుండ్లు గమనింపబడక ఆ వ్రేళ్లు నాశనమగుచున్నవని ఆయన చూపించెను. నొప్పి శరీరమునకు కావలివాడు అనుట సత్యమే. అయితే ఈ సత్యమును బాధపడుచున్నవాని మీద రాయివలె విసరకూడదు. దొంగ వచ్చెనని కావలివాడు కేక వేయుట మంచిది. ఇంటివారందరు మేలుకొని దీపములు వెలిగించిన తరువాతను అతడు తెల్లవార్లు కేకలు వేయుచుండిన, ఎవరికిని మేలు లేదు. కనుక వైద్యుని సలహా చొప్పున నొప్పి మాత్ర వేసికొని నిద్రించుట బలహీనత కాదు, అపనమ్మికయు కాదు. నిద్రపోయిన శరీరము మరునాడు తన పనిని మరింత బాగుగా చేయును.

బాధను బయటికి చెప్పుటయు ఓర్పులేమి అని కొందరు తలంతురు. మన యిండ్లలో స్త్రీలకు ఈ పాఠము చిన్నతనము నుండియే నేర్పబడును. అయితే యోబు గ్రంథమును చదువుడి. ఓర్పునకు మాదిరిగా ఎంచబడు ఆ మనుష్యుడు మూగవాడై కూర్చుండలేదు. తన వేదనను దాచక దేవుని యెదుటనే మొరపెట్టెను. అతని స్నేహితులు ఏడు దినములు మాటలాడక అతనితో నేలమీద కూర్చుండినంత కాలము ఆదరణగా నుండిరి. ఆ బాధకు కారణము వివరింప మొదలుపెట్టినది మొదలు భారమైరి. గ్రంథాంతమున గద్దింపు పొందినవారు వారే. మరియు మౌనము కొన్నిసార్లు అపాయకరము. కోత చుట్టు ఎఱ్ఱదనము, చీము, జ్వరము కనబడినను, వాపు తగ్గుటకు బదులు హెచ్చుచున్నను, చేయి రంగు మారి భరింపరాని మంట పుట్టినను, వెంటనే వైద్యునికి చెప్పవలెను. అప్పుడు దాచిపెట్టుట ఓర్పు కాదు, అజాగ్రత్త.

మరియొక శ్రమ కలదు. అది శరీరమునకు కాదు, మనస్సునకు కలుగును. మన దేశమున కుడిచేతితోనే అన్నము కలిపి తినెదము. ఆ చేతికి కట్టు కట్టినప్పుడు, ఇంటిల్లిపాదికి వడ్డించిన తల్లి చెంచా పట్టుకొని తడబడును. జడ అల్లుటకు కుమార్తెను, బొత్తాములు పెట్టుటకు మరియొకరిని పిలువవలసి వచ్చును. ఇచ్చుటకు అలవాటుపడిన చేయి పుచ్చుకొనుటకు సిగ్గుపడును. కాని ఆలోచించుడి. మనము ఎల్లప్పుడు ఇచ్చువారముగానే ఉండగోరుటలో రహస్యమైన గర్వము లేదా? కోడలు నీళ్లు తోడి ఇచ్చినప్పుడు, మనుమడు గ్లాసు అందించినప్పుడు, వారికి ప్రేమించు అవకాశము కలుగుచున్నది. కృతజ్ఞతతో పుచ్చుకొనుటయు ఒక సేవయే.

అయితే ఓర్చుకొనుమని చెప్పువారు తమ బాధ్యతను మరువరాదు. నిజామాబాదు ప్రాంతమున బీడీలు చుట్టు స్త్రీలకు వేయి బీడీల లెక్కన కూలి దొరకును. చుట్టని దినమున కూలి లేదు. ఇంటి యొద్ద బట్టలు కుట్టు దర్జీ సంగతియు అంతే. అట్టివారితో, “అమ్మా, మూడు మాసములు చేతికి విశ్రాంతి నిమ్ము” అనుట సులభము. ఆ మూడు మాసములు ఇంటికి బియ్యము ఎవరు తెత్తురు? ఆకలిచేత ఆమె రెండవ వారముననే ఆకును కత్తెరను చేతపట్టినయెడల, ఆ తప్పు ఆమె ఓర్పులో లేదు. భర్తయు, పని యిచ్చువాడును, ఇరుగుపొరుగువారును, ఆమె చేరియున్న సంఘమును ఆమెకు కావలసిన కాలమును సంపాదించి ఇయ్యవలెను. ఒకరు నెల బియ్యము ఇయ్యవచ్చును, మరియొకరు ఆమె బట్టలు పిండవచ్చును. ఒకని ఓర్పు అనేకుల చేతులమీద నిలుచును.

కొందరికి సంపూర్ణ స్వస్థత కలుగదు. చాలకాలము నలిగిన నరము గలవారికి వ్రేలికొనలలో కొంత తిమ్మిరి మిగిలిపోవచ్చును. బొటనవ్రేలి మొదట క్షీణించిన కండ మరల నిండకపోవచ్చును. ఈ మాటను దాచి అందరికి పూర్ణ ఆరోగ్యము వాగ్దానము చేయుట దయ కాదు. అట్టివారు తమ చేతిని పూర్వపు చేతితో పోల్చక, గత మాసపు చేతితో పోల్చి చూచుకొనవలెను. అందునిమిత్తము వారమునకొకసారి ఒక కాగితముమీద వ్రాసికొనుట మేలు: ఈ వారము బొత్తాము పెట్టగలిగితిని, ఈ వారము తడిగుడ్డ పిండగలిగితిని, ఈ రాత్రి మేలుకొనకుండ నిద్రించితిని. దినదినము చూచువానికి మార్పు కనబడదు. మాసమునకొకసారి ఆ కాగితము తీసి చూచువానికి కనబడును.

కాబట్టి ప్రియులారా, ఓర్చుకొనుట అనగా ఊరకుండుట కాదు. చేయవలసినదానిని చేయుటయు, చేయకూడనిదానిని మానుటయు, చెప్పవలసిన బాధను చెప్పుటయు, అందించిన సహాయమును అందుకొనుటయు ఓర్పులోని భాగములే. మీ యింటను చిన్న కట్టు కట్టుకొనియున్నవారు ఎవరైన ఉన్నయెడల, “ఇంకను మానలేదా?” అని అడుగకుడి. “ఈ దినము నీ బదులు నేను ఏమి ఎత్తవలెను?” అని అడుగుడి.