వెల లేని వార్తకు వెల చెల్లించినదెవరు?

నిన్నటివరకు ఉచితముగా దొరికినదానికి నేడు డబ్బు అడిగినయెడల మన మనస్సు నొచ్చుకొనును. ఇది అన్యాయము కాదా అందుము. అయితే ముందుగా మరియొక ప్రశ్న అడుగవలసియున్నది. నిన్నటివరకు దాని వెల చెల్లించినదెవరు?

అమెరికాలోని బోస్టన్ పట్టణమున 1872లో మొదలైన బోస్టన్ గ్లోబ్ అను దినపత్రిక యున్నది. 1995 నుండి దాని వార్తలను ఇంటర్నెట్‌లో జనులు డబ్బు లేకయే చదువుచుండిరి. 2011లో పత్రికవారు వేరొక సైటు తెరచి, అందులో పూర్తిగా చదువగోరువారు చందా కట్టవలెననిరి. అంతవరకు ఆ ఖర్చును మోసినవారు అచ్చుపత్రిక కొనువారును, ప్రకటనలిచ్చు వర్తకులును. ఉద్యోగములు, ఇండ్ల అమ్మకములు మొదలగు చిన్న ప్రకటనలు ఇంటర్నెట్‌లో ఇతర చోట్లకు తరలిపోగా మోయువారు తగ్గిరి.

ఆ ఖర్చు దేనికొరకు? 2002లో ఆ పత్రిక విలేఖరులు ఒక ఘోరమును బయలుపరచిరి. పిల్లలను చెరచిన గురువులను ఆ పట్టణపు కేథలిక్ సంఘపు పెద్దలు ఏండ్ల తరబడి ఒక సంఘమునుండి మరియొక సంఘమునకు మార్చుచు దాచియుంచిరి. విలేఖరులు నెలల తరబడి పాత కాగితములు వెదకిరి, బాధితుల మాట ఆలకించిరి. మూసియున్న దస్త్రములకొరకు పత్రిక కోర్టుకెక్కెను. 2003లో వారికి పులిట్జర్ బహుమానము లభించెను. ఇట్టి పాపము ఏ సంఘములోనైనను దాగియుండవచ్చును గనుక మనము పరులను వేలెత్తి చూపక భయపడవలెను. ఇట్టి వార్త కొరకు ఏ వర్తకుడు తనంతట డబ్బిచ్చును? చదువరి ఇయ్యవలసినదే.

అయితే చందా కట్టలేని బీదవాని మాట యేమి? ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయము చూడుడి. పనివానికి జీతము న్యాయమేయని వాదించినవాడే, తానుమాత్రము ఆ హక్కును వాడుకొనక సువార్తను ఉచితముగా ప్రకటించెను. అది ఖర్చు లేకయే జరిగెనా? లేదు. తాను గుడారములు కుట్టెను. తక్కువైనది మాసిదోనియ సహోదరులు తీర్చిరని రెండవ పత్రిక 11వ అధ్యాయములో నున్నది. వారు ధనికులు కారు, నిరుపేదలు. కొరింథువారికి ఉచితమైనది మాసిదోనియవారి చేతులమీదుగా వచ్చినదే.

కాబట్టి ఉచితము చెడ్డది కాదు, వెల అడుగుటయు పాపము కాదు. ఇయ్యగలవాడు ఇయ్యక ఊరకే పుచ్చుకొనుటయే తప్పు. బోస్టన్ పట్టణపు గ్రంథాలయ ద్వారముపై అది అందరికి ఉచితమని రాతిలో చెక్కియున్నది. ఆ పట్టణస్థులు పన్ను కట్టుటచేతనే ఆ మాట నిలిచియున్నది.

మన గ్రామములలోను టీ దుకాణమున ఒకడు పత్రిక కొనగా పదిమంది చదివించుకొని వినుట మనమెరుగుదుము. ఆ పదిమందిలో మనమెన్ని యేండ్లుగా కూర్చుండియున్నాము? ఈ నెల ఆ కొనువానియొద్దకు వెళ్లి, వచ్చే నెల చందా మేము కట్టెదమని చెప్పుదము.