పందెమును గల్లాపెట్టెయు

ధ్యానభాగములు: 1 కొరింథీ. 9:24-27, 2 తిమోతి 2:5, ఫిలేమోను 17-19



అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణములో ఏడాదిన్నర కాలము నివసించెనని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయములో చదువుచున్నాము. అక్కడ ఆయన అకుల ప్రిస్కిల్లల యింట నుండి, వారితోకూడ డేరాలు కుట్టి తన కూడు తాను సంపాదించుకొనెను. పనిదినములలో సూదియు దారమును. విశ్రాంతిదినమున సమాజమందిరములో వాక్యము. ఇది మనకు తెలిసిన సంగతియే. అయితే ఆ పట్టణమునకు కొన్ని మైళ్ల దూరమున, ఇస్త్మియా అను చోట, రెండేండ్లకొకసారి గొప్ప ఆటల పోటీలు జరుగుచుండెనని మనలో చాలమంది ఎరుగరు. గ్రీకు దేశమంతటినుండి జనులు ఓడలెక్కియు కాలినడకనను వచ్చెడివారు. అంత జనమునకు నీడ కావలెను గదా! అట్టి దినములలో కొరింథులో డేరాలు కుట్టువానికి చేతినిండ పని యుండియుండును. కాబట్టి పౌలు పరుగు పందెమును గూర్చియు, గాలిని కొట్టు ముష్టియుద్ధమును గూర్చియు వ్రాసినప్పుడు అవి ఆయనకు వినికిడి మాటలు కావని నేను తలంచుచున్నాను.

గెలిచినవానికి అక్కడ దొరకినదేమి? పైను చెట్టు కొమ్మలతోనో, మన కొత్తిమీర జాతికి చెందిన ఒక మొక్క యొక్క ఎండుటాకులతోనో అల్లిన దండ. కొన్నాళ్లకే పొడియై రాలిపోవును. ఆ దండ కొరకు వారు పడిన పాటు ఎంత! ఒలింపియా అను మరియొక చోట జరుగు పోటీలకు వచ్చినవారు, పది నెలలపాటు నియమము తప్పక సాధన చేసితిమని ప్రమాణము చేయవలసియుండెను. పరుగు కొన్ని క్షణములలో ముగియును. సాధన మాత్రము పది నెలలు. చూడవచ్చిన జనము ఆ క్షణములనే చూచెను. పౌలు కన్ను ఆ పది నెలలమీద పడెను. పందెమందు పాల్గొనువాడు అన్నిటిలో మితముగా నుండునని ఆయన చెప్పుట యందువలననే.

ఈ మాటను మన బూర్గంపాడు ప్రాంతపు సంఘములకు ఇప్పుడు చెప్పుటకు కారణము కలదు. మన యింటి స్త్రీలు పొదుపు సంఘములలో అప్పు తీసికొని కుట్టుమిషను పెట్టుచున్నారు. యౌవనస్థులు కిరాణా కొట్టు, టిఫిను బండి, సెల్లుఫోనులు బాగుచేయు దుకాణము తెరచుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని దుకాణము తెరచు దినమున పాస్టరుగారిని పిలిచి ప్రార్థన చేయించి, మిఠాయి పంచి, ఆరు నెలలు తిరుగకముందే తలుపు మూసికొన్నవారు లేరా? అట్టివారిలో కొందరు ఆరాధనకు వచ్చుటయు మానుకొందురు. నాకు దుకాణము కంటె దీనిని గూర్చి ఎక్కువ చింత.

మన పొరుగునే చూడుడి. సారపాక దాటి గోదావరి వంతెన మీదుగా పోయిన భద్రాచలము. ఆ భద్రాచలపు బాలిక గొంగడి త్రిష 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూరులో జరిగిన పందొమ్మిదేండ్ల లోపు బాలికల ప్రపంచ క్రికెట్టు తుదిపోటీలో దక్షిణాఫ్రికా మీద మూడు వికెట్లు తీసి, 44 పరుగులు చేసి, మన దేశమును గెలిపించెను. ఆ పోటీలన్నిటిలో 309 పరుగులు చేసి శ్రేష్ఠురాలిగా ఎన్నికయ్యెను. అంతకు కొన్ని దినముల ముందు స్కాట్లాండు మీద ఆమె చేసిన 110 పరుగులు ఆ పోటీల చరిత్రలోనే మొదటి శతకము. ఆ వార్త విని మన పల్లెలలోని పిల్లలు గంతులు వేసిరి.

ఈ దండ వెనుక నున్న యేండ్లను చూడుడి. ఆమె తండ్రి ఐ.టి.సి. సంస్థలో వ్యాయామ శిక్షకుడుగా పనిచేసినవాడు. భద్రాచలములో సొంతముగా ఒక జిమ్ము కూడ నడిపెను. అనగా మనము చెప్పుకొనుచున్న చిన్న వ్యాపారస్థులలో ఒకడే. కుమార్తె శిక్షణ కొరకు ఆ జిమ్మును, ఆ తరువాత పొలమును అమ్ముకొనెనని పత్రికలలో వచ్చినది. (ఇది చదివి ఎవడును రేపే పొలము అమ్మవద్దు. ఆయన తనకు తెలిసిన విద్యను, కుమార్తెలో దినదినము తాను కన్నులార చూచిన శక్తిని నమ్మెను. పొరుగువాని మాట నమ్మి అమ్ముట వేరు.) పసితనమునుండియే ఆమెచేత బ్యాటు పట్టించి సాధన చేయించెను. 2023లో దక్షిణాఫ్రికా దేశములో జరిగిన మొదటి ప్రపంచ పోటీలోనే ఆ బాలిక మన జట్టులో ఆడినది. తుదిపోటీలో చేసినవి 24 పరుగులు. జట్టు గెలిచినది గదా అని అక్కడ నిలిచిపోలేదు. రెండేండ్ల తరువాత ఏమి చేసినదో పైన చెప్పితిని.

ఉత్తరపు దిక్కున చర్ల మండలము. అక్కడి సాధనపల్లి ఆనంద్ కుమార్ ఒక సైకిలు మెకానికు కుమారుడు, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థి. 2014 మే 25న నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణతో కూడ ఎవరెస్టు శిఖరము నెక్కెను. అది 8,848 మీటర్ల యెత్తు. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లయినను నిండలేదు. వారు మొదట ఎక్కినది ఎవరెస్టు కాదు సుమా. భువనగిరి గుట్ట! తాడు పట్టి ఆ బండ యెక్కుట నేర్చిన తరువాత డార్జిలింగు, ఆ తరువాత లడాకు చలి, ఆ పిమ్మటనే మహా శిఖరము. మనవారు కొందరు భువనగిరి గుట్ట యెక్కకయే ఎవరెస్టు ఎక్కదలచుచున్నారు. అప్పు చేతికి రాగానే రోడ్డు ప్రక్కన గది అద్దెకు, దానికి రంగు, దానిమీద పెద్ద బోర్డు, లోపల ఫ్రిజ్జు! ఇంతలో పెట్టుబడిలో సగము గోడకు అంటుకొనెను. మొదట గంపతో వారపు సంతలో కూర్చుండి, ఏ సరుకు పోవును, ఏది మిగులును, ఎవరు ఏమి అడుగుదురు అని నాలుగు నెలలు నేర్చుకొన్నవాడు గది అద్దెకు తీసికొన్నను తప్పులేదు.

ఇక మితము అను మాటకు వత్తము. దీనిని మనము తిండి త్రాగుడులకే అన్వయించుకొందుము. దుకాణదారునకు మితము గల్లాపెట్టె దగ్గర కావలెను. లెక్క వేయుదము. ఒక సహోదరుడు ఆగస్టు నెలలో 30,000 రూపాయల సరుకుతో కొట్టు తెరచెననుకొనుడి. దినమునకు 2,000 అమ్మకము. అందులో సరుకు ఖరీదు 1,700, లాభము 300. సాయంకాలమున గల్లా తెరవగా 2,000 కనబడును. అది అంతయు తనదే అనిపించును. ఇంటి ఖర్చుకు 500 తీయును. చేసినది పెద్ద దుబారా కాదు, త్రాగలేదు, జూదమాడలేదు. అయినను దినమునకు 200 రూపాయలు పెట్టుబడిలోనుండి తినివేసెను. 150 దినములలో 30,000 హరించిపోవును. నూతన సంవత్సరపు ఆరాధన నాటికి అరలలో ఉప్పు ప్యాకెట్లు, అగ్గిపెట్టెలు తప్ప మరేమియు మిగులదు. క్రిస్మసు బట్టలు కూడ ఆ గల్లాలోనుండియే కొన్న యెడల ఇంకను ముందే. ఎవరో దిష్టి పెట్టిరని, సాతాను అడ్డగించెనని అప్పుడు చెప్పుకొందుము. సాతానుకు అక్కడ పనియే లేకపోయెను!

పౌలు తన దేహమును లోపరచుకొని అదుపులో నుంచుకొనెను. మన దుకాణదారుడు తన చేతిని అదుపులో నుంచుకొనవలెను. కొట్టు డబ్బు ఒక సంచి, ఇంటి డబ్బు వేరొక సంచి. రాత్రి పండుకొనకముందు ఆనాటి అమ్మకము, కొనుగోలు, ఇంటికి తీసినది, ఈ మూడును నోటుబుక్కులో వ్రాయవలెను. పది నిమిషముల పని. ఒకనాడు చేసినవారు చాలమంది. నూరు దినములు చేసినవారు కొద్దిమంది. ఇదియే సాధన. చదువురాని తల్లి యున్న యెడల బడికి పోవు కుమార్తెచేత వ్రాయించుకొనవచ్చును.

గురి చూడనివానివలె తాను పరుగెత్తనని కూడ పౌలు చెప్పుచున్నాడు. ప్రక్కింటివాడు కోళ్ల ఫారము పెట్టెనని కోళ్లు, ఎదుటివాడు జిరాక్సు మిషను తెచ్చెనని జిరాక్సు! ఇది గాలిని కొట్టుటయే. దీనిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు, అందరము చూచుచునే యున్నాము.

నియమమును గూర్చి మాత్రము కొంచెము నిలిచి ఆలోచింపవలెను. నియమప్రకారము పోరాడనివానికి కిరీటము లేదని తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో కలదు. ఒలింపియాలో క్రీ.పూ. 388లో ఒక ముష్టియుద్ధ వీరుడు తన ప్రత్యర్థులకు లంచమిచ్చి గెలిచెను. సంగతి బయటపడగా జరిమానా వేసి, ఆ సొమ్ముతో కంచు ప్రతిమలు పోయించి, ఆట మైదానమునకు పోవు దారిలో నిలిపిరి. తరువాతి మోసగాండ్ర జరిమానాలతో ఆ వరుస ఇంకను పెరిగెను. పందెమునకు పోవు ప్రతి ఆటగాడును వాటి ముందునుండియే నడచిపోవలెను. మన సంతకు పోవు దారిలో అట్టి ప్రతిమలు నిలిపిన యెడల ఎన్ని నిలుపవలసి వచ్చునో! చింతపండును ఇప్పపువ్వును అడవినుండి మోసికొని వచ్చు కోయ సహోదరికి కాటా మీది అంకెలు చదువుట రాకపోవచ్చును. ఆ రాకపోవుట మీద నూరు గ్రాములు లాగుకొనువాడు ఆదివారమున ఎంత బిగ్గరగా కీర్తన పాడినను, దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథము చెప్పునది అతనిని గూర్చియే. మన కొట్టుకు వచ్చు కోయవారు ఇతర కొట్లలో మోసపోయి మన తూకము నమ్మి వచ్చినవారై యుండవలెను. ఇదియే మన పెద్ద బోర్డు.

ఇంతవరకు చదివి, ఈలాగు చేసినయెడల లాభము తప్పక వచ్చునా అని మీరడుగవచ్చును. తప్పక వచ్చునని చెప్పుటకు నాకు అధికారము లేదు. దశమభాగమిచ్చితిని గనుక దేవుడు నాకు వ్యాపారము కలుగజేయవలెనని బేరమాడువారి బోధను నేను అంగీకరింపను. పౌలు డేరాలు కుట్టినది ధనవంతుడగుటకు కాదు. ఎవరికిని భారముగా నుండక సువార్తను ఉచితముగా ప్రకటించుటకు. పరుగెత్తువారు అనేకులు, బహుమానము ఒక్కనికే. గోదావరి యొడ్డున నున్న మనకు ఇది మరి బాగుగా తెలియును. భద్రాచలము వద్ద 53 అడుగులకే మూడవ ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 75 అడుగులు దాటెను. 2022 జూలైలో 71 అడుగులు దాటెను. బూర్గంపాడు వీధులలోనికి నీరు వచ్చినప్పుడు లెక్క వ్రాసినవాని బియ్యపు మూటను వ్రాయనివాని బియ్యపు మూటను వేరుచేసి చూడలేదు. కాబట్టి కొట్టు మూసికొన్న ప్రతివానిని సోమరి యనియు బుద్ధిహీనుడనియు పిలుచుట అన్యాయము.

ఇప్పుడు సంఘమునకు ఒక మాట. మన కొట్లు మూతపడుటకు వరద కంటెను, దుబారా కంటెను పెద్ద కారణమొకటి కలదు. ఉద్దెర! మన సంఘస్థుడే గదా, అన్నా యని పిలిచి సబ్బు, నూనె, పప్పు ఖాతాలో వ్రాయించుకొందుము. చేతిలో రొక్కమున్న దినమున మాత్రము అవతలి కొట్టుకు పోవుదుము, ఎందుకనగా ఈ అన్న పాత బాకీ అడుగును! అతడు అడుగలేడు. అడిగినయెడల, విశ్వాసియై యుండి ఇట్లు అడుగవచ్చునా అని మనమే నిందింతుము. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములో పరుగెత్తువారి చుట్టు మేఘమువలె సాక్షులున్నారు. ఆ సాక్షులు పరుగెత్తువాని కాళ్లకు అడ్డుపడువారు కారు. ఈ పత్రిక చదువుచున్నవారిలో ఏ సహోదరుని కొట్టులోనైనను బాకీ యున్నవారు, తునికాకు డబ్బు గాని మిర్చి కూలి గాని చేతికి రాగానే మొదట అక్కడికి పోవుడి. అంతయు లేకపోయిన సగమైనను చెల్లించుడి.

కొట్టు పోగొట్టుకొని, అప్పులవారికి ముఖము చూపలేక, మందిరపు మెట్లు ఎక్కక యింటనున్నవాడు మీ సంఘములో ఉన్న యెడల, అతని కొరకు ప్రార్థించుట మంచిదే. సంఘపెద్దలు ఇద్దరు అతని యింటికి పోయి, నోటుబుక్కు తెప్పించి, ఎవరికెంత యని చదివి, అతనిని వెంటబెట్టుకొని అప్పులవాని దగ్గరకు నడచుట మరింత మంచిది. నెలకు ఇంత అని గడువు అడుగవచ్చును, ఒప్పుకొను వారున్నారు. ఫిలేమోను దగ్గరనుండి వెళ్లిపోయిన ఒనేసిము విషయములో పౌలు ఇట్టిదే చేసెను. అతడేమైన బాకీ యున్న యెడల అది తన లెక్కలో వేయుమని, తానే తీర్చెదనని ఫిలేమోనుకు వ్రాసెను. మాట చెప్పి పంపక, డేరాలు కుట్టిన ఆ చేతితో స్వయముగా వ్రాసెను.