మందు ఇచ్చిన తరువాత

ప్రియులారా, రక్తమును పలుచబరచు వార్ఫరిన్ మందు పుచ్చుకొను పెద్దలు హైదరాబాదు పాతబస్తీలోను, మన పల్లెలలోను ఉన్నారు. 1920లలో ఉత్తర అమెరికాలో బూజుపట్టిన ఎండుగడ్డి మేసిన పశువులు నెత్తురు కారి చచ్చెను. దాని కారణము వెదకగా ఈ మందు దొరకెను. 1948లో ఎలుకల మందు, 1954లో మనుష్యులకు ఔషధము!

అది ప్రాణము కాపాడును. అయితే పాతబస్తీ ఇంటి పొట్టి గుమ్మము తలకు తగిలినను, మెదడు చుట్టు నెత్తురు మెల్లగా చేరవచ్చును. కొన్ని వారములకు తలనొప్పి, మగత, తికమక కనబడును. ముసలితనమని మనము ఊరకుందుము. అప్పుడు తప్పు మందుదా, మనదా?

మంచి సమరయుడు గాయములకు నూనె, ద్రాక్షారసము పోయుటతో ముగించలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, కనిపెట్టి చూడుమనెను. వైద్యుని అడుగక మందు మానుటయు అపాయమే. కావున రక్తపరీక్ష తప్పనీయకుందము. తలకు దెబ్బ తగిలిన దినమే ఆసుపత్రికి కొనిపోదము. ప్రభువు మనకట్టి మెలకువ దయచేయును గాక.